హోమ్ రికార్డింగ్‌లో లేటెన్సీ: పాట ఎక్కడ వెనకబడుతోంది?

క్లుప్తంగా: ఇంట్లో కంప్యూటర్ మీద రికార్డు చేసేవారు ‘లేటెన్సీ’ (ఆలస్యం) అని చెప్పుకునే ఇబ్బంది నిజానికి ఒకటి కాదు, మూడు. పాడుతుండగా సొంత గొంతు ఆలస్యంగా వినిపించడం ఒకటి. రికార్డయిన ట్రాక్ మొత్తం క్లిక్ (లయ కోసం వినే టిక్‌టిక్ శబ్దం) కంటే వెనక పడటం రెండోది. పాట సాగేకొద్దీ ట్రాక్ జారిపోవడం మూడోది. బఫర్ (ధ్వనిని కంప్యూటర్ ఒక్కో విడతలో తీసుకునే కట్ట) తగ్గిస్తే నయమయ్యేది మొదటిదే, అదీ కొంతవరకే. తమకు ఎదురైనది ఏదో కొలిచి తేల్చుకున్నాకే సెట్టింగుల జోలికి వెళ్లాలి.

లేటెన్సీ గురించి ఎవరిని అడిగినా మొదట వచ్చే సలహా ‘బఫర్ 64కి దించు’ అని. దించగానే చిటపటలు మొదలవుతాయి. మళ్లీ పెంచితే ఆలస్యం మళ్లీ మొదటికొస్తుంది. ఇలా రెండు మూడు సార్లు తిరిగాక, పాత ఇంటర్‌ఫేస్ (మైకును, హెడ్‌ఫోన్స్‌ను కంప్యూటర్‌కు కలిపే పెట్టె) పనికిరాదనుకుని కొత్తది కొంటారు. చాలా సందర్భాల్లో లోపం ఇంటర్‌ఫేస్‌లో ఉండదు, తప్పు మీటను తిప్పడంలోనే ఉంటుంది.

ఆలస్యం ఎక్కడెక్కడ పుడుతుంది

మైకులో పడిన గొంతు హెడ్‌ఫోన్స్‌లోకి తిరిగి వచ్చేలోపు చాలా మజిలీలు దాటుతుంది. ఇంటర్‌ఫేస్‌లోని కన్వర్టర్ ఆ సంకేతాన్ని అంకెలుగా మారుస్తుంది. ఆ అంకెలు యూఎస్‌బీ మీదుగా డ్రైవర్‌కు చేరతాయి. డ్రైవర్ వాటిని ఒక్కొక్కటిగా కాక కట్టలు కట్టి రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌కు అందిస్తుంది. ఆ అంకెల్లో ఒక్కోదాన్ని శాంపిల్ అంటారు, సెకనుకు ఎన్ని శాంపిళ్లో చెప్పేది శాంపిల్ రేటు, ఒక కట్టలో ఎన్ని శాంపిళ్లు పట్టాలో చెప్పేది బఫర్ సైజు. సాఫ్ట్‌వేర్ తన పని ముగించాక అదే దారిలో మరో కట్ట వెనక్కి వచ్చి, మళ్లీ కన్వర్టర్ దాటి చెవిన పడుతుంది.

బఫర్ ఎంత సమయం తింటుందో లెక్క సులభం: శాంపిళ్ల సంఖ్యను శాంపిల్ రేటుతో భాగించాలి. 48 కిలోహెర్ట్జ్ దగ్గర 64 శాంపిళ్లంటే 1.33 మిల్లీసెకన్లు. 128 అయితే 2.67, 256 అయితే 5.33, 512 అయితే 10.67, 1024 అయితే 21.33. లోపలికి ఒకసారి, బయటికి ఒకసారి కాబట్టి దీన్ని రెట్టింపు చేయాలి. అంటే 128 పెట్టినవారికి బఫర్ల వాటా సుమారు 5.3 మిల్లీసెకన్లు.

అక్కడితో అయిపోదు. కన్వర్టర్లలోని ఫిల్టర్లకు రెండు వైపులా కొంత సమయం పడుతుంది. యూఎస్‌బీలో ఎప్పుడైనా కట్ట ఆలస్యమైతే ధ్వని తెగిపోకుండా తయారీదారులు డ్రైవర్‌లో అదనపు నిల్వ కూడా ఉంచుతారు. ఈ నిల్వ ఎంతో సెట్టింగుల తెరపై కనిపించదు, చాలా ఇంటర్‌ఫేస్‌లలో దాన్ని మార్చే వీలూ ఉండదు. అందుకే రెండు ఇంటర్‌ఫేస్‌లలో ఒకే 128 పెట్టినా రానూపోనూ పట్టే మొత్తం సమయం వేర్వేరుగా ఉంటుంది. కొనేముందు చూడాల్సిన అంకె అదే. ప్రకటనల్లో గొప్పగా వేసే 192 కిలోహెర్ట్జ్ ఈ విషయంలో పెద్దగా అక్కరకు రాదు.

శాంపిల్ రేటు పెంచితే ఆలస్యం తగ్గుతుందన్న మాటలో సగమే నిజం. 96 కిలోహెర్ట్జ్‌లో 128 శాంపిళ్లకు 1.33 మిల్లీసెకన్లే పడతాయి, నిజమే. కానీ ప్రాసెసర్ మీద భారం రెట్టింపవుతుంది, ఫైళ్లూ రెట్టింపవుతాయి. 48లోనే ఉండి బఫర్‌ను 64కి తగ్గిస్తే బఫర్ వరకు అదే లాభం దక్కుతుంది. మిగిలే తేడా కన్వర్టర్ ఫిల్టర్లలో ఆదా అయ్యే చిన్న భాగం.

ఎవరికి ఎంత ఆలస్యం బాధిస్తుంది

గాలిలో ధ్వని సెకనుకు దాదాపు 343 మీటర్లు వెళుతుంది. అంటే ఒక మిల్లీసెకనుకు సుమారు 34 సెంటీమీటర్లు. యాంప్లిఫయర్‌కు మూడు మీటర్ల దూరంలో నిలబడ్డ గిటారిస్టు ఎప్పుడూ దాదాపు 9 మిల్లీసెకన్ల ఆలస్యంతోనే వాయిస్తున్నాడు. ఆ మాత్రానికి అతనికి చేతులు తడబడవు.

పాడేవారి సంగతి వేరు. సొంత గొంతు ఎముకల గుండా చెవికి అప్పటికప్పుడే చేరుతుంది. హెడ్‌ఫోన్స్‌లో అదే గొంతు 5 మిల్లీసెకన్లు ఆగి వస్తే రెండూ కలిసి కొన్ని పౌనఃపున్యాల్లో ఒకదాన్నొకటి తగ్గించుకుంటాయి. 5 మిల్లీసెకన్ల తేడాకు మొదటి గుంట 100 హెర్ట్జ్ దగ్గర, తర్వాతివి 300, 500 హెర్ట్జ్ దగ్గర పడతాయి. గాయకుడికి అది ఆలస్యంలా తోచదు, గొంతు డొల్లగా, గొట్టంలోంచి వచ్చినట్టు వినిపిస్తుంది. ‘మైకు బాగోలేదు’ అన్న ఫిర్యాదుల్లో కొన్నింటికి మూలం ఇదే. ఆలస్యం 20 మిల్లీసెకన్లు దాటాక అది ఆలస్యంగానే తెలిసిపోతుంది, గమకాలు బరువెక్కుతాయి, పల్లవి ఎత్తుగడ వెనక్కి లాగుతుంది. 200 మిల్లీసెకన్ల దగ్గరికి వస్తే మామూలు మాటే తడబడుతుంది.

మృదంగం, తబలా, కంజీర వాయించేవారికి దెబ్బ పడిన క్షణం వేలికి తెలుసు కాబట్టి చిన్న తేడానే పట్టేస్తారు. మిడి కీబోర్డుతో వాయించేవారికి ఒక వెసులుబాటు ఉంది: లోపలికి వచ్చేది ధ్వని కాదు, నొక్కిన మెట్టు సమాచారం మాత్రమే. కాబట్టి ప్రధానంగా బయటికి వెళ్లే దారి ఆలస్యమే లెక్కలోకి వస్తుంది. పాత అయిదు పిన్నుల మిడి కేబుల్‌లో ఒక్కో స్వరానికి దాదాపు ఒక మిల్లీసెకను పడుతుంది, అందుకని పది వేళ్లతో ఒకేసారి నొక్కిన స్వరాల గుంపు (కార్డ్) కొద్దిగా చెదురుతుంది. యూఎస్‌బీ కీబోర్డుల్లో ఆ ఇబ్బంది దాదాపు లేదు.

మొదటి సమస్య: సొంత గొంతు ఆలస్యంగా వినిపించడం

దీనికి అన్నిటికన్నా గట్టి మందు ఇంటర్‌ఫేస్ మీదే ఉంటుంది. ‘డైరెక్ట్ మానిటర్’ అన్న స్విచ్‌గానో, ‘ఇన్‌పుట్–ప్లేబ్యాక్’ అన్న తిరుగుడు మీటగానో కనిపిస్తుంది. అది వేస్తే మైకు ధ్వని కంప్యూటర్‌కు వెళ్లి రాకుండానే హెడ్‌ఫోన్స్‌లో పడుతుంది, బఫర్ 1024 ఉన్నా పాడేవారికి తెలియదు. ఇక్కడ జరిగే పొరపాటు ఒకటే. డైరెక్ట్ మానిటర్ వేసి, సాఫ్ట్‌వేర్‌లో ఆ ట్రాక్ మీద ఉండే మానిటర్ బటన్ ఆపడం మరచిపోతారు. అప్పుడు గొంతు రెండుసార్లు వినిపిస్తుంది, పైన చెప్పిన డొల్లతనం ఇంకా పెరుగుతుంది. రెండింట్లో ఒకటే ఉండాలి.

రివర్బ్ (గది ప్రతిధ్వని లాంటి ఎఫెక్ట్) లేకుండా పాడలేనివారికి డైరెక్ట్ మానిటర్ పొడిగా అనిపిస్తుంది. దానికీ దారి ఉంది. సాఫ్ట్‌వేర్‌లో గొంతును రివర్బ్‌కు మాత్రమే పంపి, అసలు గొంతును అక్కడ మూసేయాలి. రివర్బ్ 15 మిల్లీసెకన్లు ఆగి వచ్చినా ఫర్వాలేదు. నిజమైన గదిలోనూ ప్రతిధ్వని కాస్త ఆగే వస్తుంది.

గిటార్ యాంప్ ప్లగిన్లు (సాఫ్ట్‌వేర్‌కు తగిలించుకునే చిన్న ప్రోగ్రాములు), మిడి వాద్యాలు వాడేవారికి డైరెక్ట్ మానిటర్ పనికిరాదు. వాళ్లకు కావాల్సిన ధ్వని కంప్యూటర్‌లోనే తయారవుతుంది. వీళ్లు బఫర్ తగ్గించక తప్పదు. విండోస్‌లో ముందు డ్రైవర్ సరిచూసుకోవాలి. స్టైన్‌బర్గ్ సంస్థ 1997లో తెచ్చిన ఏసియో పద్ధతి విండోస్ మిక్సర్‌ను పక్కన పెట్టి సాఫ్ట్‌వేర్‌ను నేరుగా ఇంటర్‌ఫేస్‌తో కలుపుతుంది. సాఫ్ట్‌వేర్ ఆడియో సెట్టింగుల్లో ‘ఎంఎంఈ’ లేదా ‘డైరెక్ట్‌సౌండ్’ (విండోస్ మిక్సర్ గుండా పోయే పాత దారులు) ఉంటే మిగతావి ఎన్ని మార్చినా శ్రమ దండగే. ఇంటర్‌ఫేస్ తయారీదారు ఇచ్చిన ఏసియో డ్రైవర్‌ను వారి సైటు నుంచి దించుకుని అదే ఎంచుకోవాలి. అలాంటిది లేకపోతే ‘ఏసియో ఫర్ ఆల్’, లేదా వాసాపీ (విండోస్ సొంత ఆడియో పద్ధతి) ఎక్స్‌క్లూజివ్ మోడ్. ఏసియో ఫర్ ఆల్ అసలు ఏసియో డ్రైవర్ కాదు, విండోస్ సొంత డ్రైవర్ మీద వేసిన తొడుగు. అయినా సొంత డ్రైవర్ లేని పరికరాలకు బాగా అక్కరకొస్తుంది.

మ్యాక్‌లో దాని సొంత ఆడియో వ్యవస్థ అయిన కోర్ ఆడియోకే ఈ సామర్థ్యం ఉంది, బఫర్‌ను సాఫ్ట్‌వేర్‌లో మారిస్తే చాలు. లినక్స్‌లో ఇప్పుడు చాలా పంపిణీల్లో పైప్‌వైర్ అనే ఆడియో వ్యవస్థ వస్తోంది. దాన్ని వాడేవారు క్వాంటమ్ (అక్కడ బఫర్ సైజుకు పేరు) విలువను 128కి తేవాలి, తమ యూజర్‌కు రియల్‌టైమ్ ప్రాధాన్యం, మెమరీ లాక్ అనుమతులు ఉన్నాయో లేదో చూసుకోవాలి.

చిటపటలు ఎందుకు వస్తాయి

సీపీయూ మీటర్ 20 శాతం చూపిస్తున్నా ధ్వని తెగుతుంటే చాలామంది తికమక పడతారు. ఆ మీటర్ సగటు చూపుతుంది, ఆడియోకు కావాల్సింది గడువు. 48 కిలోహెర్ట్జ్‌లో 64 శాంపిళ్ల బఫర్ అంటే ప్రతి 1.33 మిల్లీసెకన్లకూ ఒక కట్ట తయారై తీరాలి. వైఫై డ్రైవరో, గ్రాఫిక్స్ డ్రైవరో మధ్యలో రెండు మిల్లీసెకన్లు ప్రాసెసర్‌ను పట్టుకుంటే ఆ కట్ట అందదు, అక్కడ ‘టిక్’మంటుంది. మిగతా సెకనంతా ప్రాసెసర్ ఖాళీగా ఉన్నా ఆ టిక్ ట్రాక్‌లో ఉండిపోతుంది.

ఈ దోషిని పట్టడానికి విండోస్‌లో లేటెన్సీమాన్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. దాన్ని పది నిమిషాలు నడవనిచ్చి ‘డ్రైవర్లు’ అన్న పేజీలో ఎక్కువ సమయం తిన్న పేరు చూడాలి. నెట్‌వర్క్ పేరు కనిపిస్తే రికార్డింగ్ సాగినంతసేపూ వైఫై, బ్లూటూత్ ఆపాలి. గ్రాఫిక్స్ డ్రైవర్ కనిపిస్తే దాన్ని కొత్తదానికి మార్చాలి, ఒక్కోసారి పాతదానికి వెనక్కి వెళ్లాల్సి వస్తుంది. ఏసీపీఐ కనిపిస్తే అది పవర్, బ్యాటరీ నిర్వహణకు సంబంధించినది. పవర్ ఆప్షన్లలో ‘హై పెర్ఫార్మెన్స్’ ఎంచుకుని, అడ్వాన్స్‌డ్ సెట్టింగుల్లో యూఎస్‌బీ సెలెక్టివ్ సస్పెండ్ ఆపి, ప్రాసెసర్ కనీస స్థాయిని 100 శాతానికి పెట్టి మళ్లీ కొలవాలి. ఒకేసారి అన్నీ మారిస్తే ఏది పనిచేసిందో తెలియదు. ఒక్కొక్కటే మార్చాలి.

మన ఇళ్లలో పట్టించుకోని కారణం మరొకటి ఉంది. కరెంటు పోతే ల్యాప్‌టాప్ బ్యాటరీ మీదికి మారుతుంది. దాంతోపాటు పవర్ సెట్టింగులూ మారిపోతాయి, ప్రాసెసర్ వేగం పడిపోతుంది. అప్పటిదాకా నిక్షేపంగా నడిచిన 64 బఫర్ చరణం మధ్యలో చిటపటలాడుతుంది. పై సెట్టింగులు ‘ప్లగ్ చేసినప్పుడు’, ‘బ్యాటరీ మీద’ అని రెండు వరుసలుగా ఉంటాయి, రెండింట్లోనూ మార్చాలి. ఎండాకాలం ఏసీ లేని గదిలో, రికార్డింగ్ కోసం ఫ్యాన్ కూడా ఆపేశాక, ల్యాప్‌టాప్ వేడెక్కి తన వేగం తానే తగ్గించుకుంటుంది. గంట తర్వాత మొదలయ్యే చిటపటలకు ఇది తరచుగా ఎదురయ్యే కారణం. కింద గాలి ఆడేలా ఎత్తు పెట్టడం, టేకుల మధ్య ఫ్యాన్ వేయడం సాఫ్ట్‌వేర్ సెట్టింగులకన్నా ఎక్కువ మేలు చేస్తాయి.

ప్లగిన్లు దాచిపెట్టే ఆలస్యం

బఫర్ 64లో ఉన్నా గొంతు స్పష్టంగా ఆగి వినిపిస్తోందంటే ప్లగిన్లను అనుమానించాలి. ముందుచూపు ఉండే లిమిటర్, లీనియర్ ఫేజ్ ఈక్యూ, కొన్ని శబ్దం తగ్గించే ప్లగిన్లు, పిచ్ సవరణ ప్లగిన్లు ముందు కొంత ధ్వనిని పోగుచేసుకుంటే గానీ పని మొదలుపెట్టవు. 2048 శాంపిళ్లు పోగుచేసే ప్లగిన్ 48 కిలోహెర్ట్జ్‌లో 42.7 మిల్లీసెకన్లు తీసుకుంటుంది. అది మాస్టర్ ట్రాక్ మీద ఉంటే పాడేవారి గొంతూ దాని గుండానే వెళుతుంది. అన్నీ కలిసి ఉండేందుకు మిగతా ట్రాకులను కూడా సాఫ్ట్‌వేర్ తానే అంతే ఆలస్యం చేస్తుంది, కాబట్టి మిక్స్ వింటున్నప్పుడు ఈ జాప్యం బయటపడదు.

రికార్డింగ్ సాఫ్ట్‌వేర్లలో, లాజిక్‌లో ‘లో లేటెన్సీ మోడ్’, క్యూబేస్‌లో ‘కన్‌స్ట్రెయిన్ డిలే కాంపెన్సేషన్’, ఏబుల్టన్ లైవ్‌లో ‘రెడ్యూస్డ్ లేటెన్సీ వెన్ మానిటరింగ్’ ఉన్నది ఇందుకే. పాత ల్యాప్‌టాప్ ఉన్నవారికి ఇంతకన్నా నమ్మకమైన పద్ధతి ఉంది: మిక్స్‌ను ఒకే స్టీరియో వేవ్ ఫైలుగా తీసి, కొత్త ఖాళీ ప్రాజెక్టులో పెట్టి, గొంతు అక్కడ రికార్డు చేసి, ఆ ట్రాక్‌ను అసలు ప్రాజెక్టుకు తెచ్చుకోవడం. ఖాళీ ప్రాజెక్టులో 64 బఫర్‌ను చాలా పాత యంత్రాలు కూడా మోస్తాయి. మిక్సింగ్ దశలో ఎవరూ పాడరు కాబట్టి అక్కడ 1024 పెట్టుకోవడమే మంచిది.

బ్లూటూత్ హెడ్‌ఫోన్స్‌ను ఏ సెట్టింగూ కాపాడలేదు. ధ్వనిని కుదించి, గాలిలో పంపి, మళ్లీ విప్పేసరికి మామూలుగా 100 నుంచి 200 మిల్లీసెకన్లు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువే పడుతుంది. తంబురా శ్రుతి ఒక్కటే వింటూ పాడేవారికి ఇబ్బంది లేదు, శ్రుతికి దరువు ఉండదు కదా. క్లిక్ గానీ, తాళం గానీ, కరోకే ట్రాక్ గానీ వింటూ పాడాలంటే తీగ ఉన్న హెడ్‌ఫోన్సే కావాలి.

రెండో సమస్య: ట్రాక్ మొత్తం వెనక పడటం

పాడుతున్నప్పుడు అంతా బాగానే ఉంటుంది. తిరిగి వింటే గొంతు మొదటి నుంచి చివరిదాకా ఒకే తేడాతో వెనక నడుస్తుంది. డ్రైవర్ తన ఆలస్యం ఎంతో సాఫ్ట్‌వేర్‌కు చెబుతుంది, సాఫ్ట్‌వేర్ అంతమేరకు ట్రాక్‌ను ముందుకు జరుపుతుంది. డ్రైవర్ చెప్పిన లెక్క తప్పితే ఈ తేడా మిగులుతుంది. దీనికి బఫర్ తగ్గించడం మందు కాదు, కొలిచి సరిచేయడమే మందు.

కొలవడానికి కావాల్సింది పావు అంగుళం కేబుల్ ఒకటి. ముందు స్పీకర్లు, హెడ్‌ఫోన్స్ తగ్గించి, 48 వోల్టుల ఫాంటమ్ పవర్ (మైకుకు ఇంటర్‌ఫేస్ పంపే కరెంటు) ఆపి, డైరెక్ట్ మానిటర్ కూడా ఆపాలి. ఇంటర్‌ఫేస్ రెండో అవుట్‌పుట్ నుంచి రెండో ఇన్‌పుట్‌కు కేబుల్ కలిపి, ఆ ఇన్‌పుట్‌ను లైన్ స్థాయిలో ఉంచాలి. ప్రాజెక్టులో ఒక ట్రాక్ మీద క్లిక్ ఫైలు పెట్టి దాన్ని రెండో అవుట్‌పుట్‌కే పంపాలి. ఇంకో ట్రాక్‌లో రెండో ఇన్‌పుట్ రికార్డు చేయాలి, దాని మానిటర్ బటన్ తప్పక ఆపి ఉండాలి. లేకపోతే ధ్వని చుట్టూ తిరిగి చెవులు పగిలేలా అరుస్తుంది.

రికార్డయ్యాక బాగా జూమ్ చేసి రెండు క్లిక్కుల మొదళ్ల మధ్య దూరాన్ని శాంపిళ్లలో చూడాలి. 48 కిలోహెర్ట్జ్‌లో 96 శాంపిళ్లు వెనక ఉంటే 2 మిల్లీసెకన్లు తేడా. ఆ సంఖ్యను సాఫ్ట్‌వేర్ ఆడియో సెట్టింగుల్లోని రికార్డింగ్ ఆఫ్‌సెట్ (ట్రాక్‌ను ఎంత జరపాలో చెప్పే) గడిలో వేసి పరీక్ష మళ్లీ చేయాలి. కొన్ని సాఫ్ట్‌వేర్లలో ఇది ధన సంఖ్య, కొన్నింటిలో రుణ సంఖ్య. రెండోసారి తేడా 192 అయిందంటే గుర్తు తిరగబడిందని అర్థం. ఆ తర్వాత బఫర్ మార్చి ఇంకోసారి చూడాలి. తేడా మారకపోతే ఒక్కసారి వేసిన ఆఫ్‌సెట్ అన్నిటికీ సరిపోతుంది. బఫర్‌తోపాటు మారుతుంటే రికార్డింగ్‌కు ఒకే బఫర్ ఖాయం చేసుకోవడం మేలు. ఆడాసిటీ అనే ఉచిత రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో లేటెన్సీ కాంపెన్సేషన్ (ఇదే ఆఫ్‌సెట్) మొదటి నుంచీ రుణ 130 మిల్లీసెకన్లుగా ఉంటుంది. అది ఎవరి యంత్రానికీ కొలిచి పెట్టిన సంఖ్య కాదు, కాబట్టి ఆడాసిటీ వాడేవారు ఈ పరీక్ష చేయకుండా రెండో ట్రాక్ పాడకపోవడమే మంచిది.

రానూపోనూ పట్టే మొత్తం సమయం కావాలంటే అదే కేబుల్ ఉంచి, ఆర్‌టీఎల్ యుటిలిటీ అనే చిన్న ఉచిత సాఫ్ట్‌వేర్ నడిపితే అన్ని బఫర్ల దగ్గరా నిజమైన అంకె చూపిస్తుంది.

ట్రాకులు ఇచ్చిపుచ్చుకునే చోట ఈ తేడాకు ఇంకో మూలం ఉంది. హైదరాబాద్‌లో ట్రాక్ చేసి, డాలస్‌లో ఉన్న గాయనికి ఎంపీ3 పంపి, గొంతు తెప్పించుకునే పద్ధతి ఇప్పుడు మామూలైంది. ఎంపీ3గా మార్చేటప్పుడు ఫైలు మొదట్లో కొంత నిశ్శబ్దం చేరుతుంది. మార్చడం, తిరిగి విప్పడం కలిపి వెయ్యికి పైగా శాంపిళ్లు, 44.1 కిలోహెర్ట్జ్‌లో సుమారు 25 మిల్లీసెకన్లు. కొన్ని సాఫ్ట్‌వేర్లు దాన్ని కత్తిరిస్తాయి, కొన్ని కత్తిరించవు. ఆమె సరిగ్గా పాడినా గొంతు ఇక్కడ ఆలస్యంగా పడుతుంది. గైడ్ ట్రాక్‌ను వేవ్ ఫైలుగానే పంపాలి, వాట్సాప్‌లో అయితే డాక్యుమెంట్‌గా పెట్టాలి. మొదట్లో ఒక క్లిక్ ఉంచి, తిరిగి పంపే ఫైలులోనూ ఆ క్లిక్ ఉండేలా చూడమంటే ఇక వాదనే ఉండదు.

మూడో సమస్య: పాట సాగేకొద్దీ జారిపోవడం

యూఎస్‌బీ మైకులో పాడుతూ హెడ్‌ఫోన్స్‌ను ల్యాప్‌టాప్‌కు పెట్టుకునేవారికి ఇది ఎదురవుతుంది. పల్లవి సరిగ్గా ఉంటుంది, రెండో చరణానికి గొంతు పక్కకు పోతుంది. మైకుకు, ల్యాప్‌టాప్ సౌండ్ చిప్‌కు వేర్వేరు గడియారాలు ఉంటాయి. రెండూ 48,000 అని చెప్పినా అచ్చంగా ఒకేలా నడవవు. పది లక్షల్లో 50 వంతుల తేడా ఉంటే అయిదు నిమిషాల పాట చివరికి 15 మిల్లీసెకన్లు దూరమవుతుంది.

మందు తేలిక: వినడానికీ, రికార్డు చేయడానికీ ఒకే పరికరం వాడాలి. చాలా యూఎస్‌బీ మైకులకు అడుగునో వెనకో హెడ్‌ఫోన్ రంధ్రం ఉంటుంది, అది ఉన్నది ఇందుకే. రెండు పరికరాలు తప్పనిసరి అయితే మ్యాక్‌లో ‘ఆడియో మిడి సెటప్’లో అగ్రిగేట్ డివైస్ తయారుచేసి, ఒకదాన్ని గడియారంగా ఎంచుకుని రెండోదానికి ‘డ్రిఫ్ట్ కరెక్షన్’ టిక్ పెట్టాలి. తేడా మిల్లీసెకన్లలో కాక సెకన్లలో ఉంటే, పాట శ్రుతి కూడా మారిపోతే అది గడియారాల తేడా కాదు. 44.1లో చేసిన ఫైలును మార్పిడి లేకుండా 48లో నడిపితే దాదాపు ఒకటిన్నర సెమీటోన్ పైకి జరుగుతుంది. ప్రాజెక్టు శాంపిల్ రేటు సరిచేస్తే చాలు.

ఇప్పటికే రికార్డయిన ట్రాకుల సంగతి

ఒకే తేడాతో వెనక ఉన్న ట్రాక్‌ను కొలిచిన శాంపిళ్ల మేరకు ముందుకు జరిపితే పూర్తిగా బాగుపడుతుంది. కంటి అంచనాతో కాక, పైన చెప్పిన కేబుల్ పరీక్షలో వచ్చిన సంఖ్యతోనే జరపాలి. జారిపోయిన ట్రాక్‌లో ఊపిరి తీసుకునే చోట్ల కోసి, ఒక్కో పాదాన్నీ తన స్థానానికి తేవచ్చు. అంతకన్నా శుభ్రంగా కావాలంటే మొదట్లో, చివర్లో ఉన్న తేడాలు చూసి మొత్తం ట్రాక్‌ను ఆ నిష్పత్తిలో సాగదీయాలి. మన లెక్కలోని 15 మిల్లీసెకన్లకు అది 0.005 శాతం మార్పు, చెవికి అందదు.

సొంత గొంతు ఆలస్యంగా వింటూ పాడిన టేక్ మాత్రం వేరే రకం. అక్కడ తేడా ఫైలులో లేదు, పాడిన తీరులోనే ఉంది. కొందరు వినిపించేదానికోసం ఆగి నెమ్మదిస్తారు, కొందరు దాన్ని దాటాలని ముందుకు తోస్తారు, ఒకే పాటలో రెండూ జరుగుతాయి. ఏ ఒక్క సంఖ్యతో జరిపినా ఒక పాదం కుదిరి మరోటి చెడుతుంది. డైరెక్ట్ మానిటర్ వేసి మళ్లీ పాడించడమే దానికి మార్గం.